డెక్క బలము లేని గుఱ్ఱము

గుఱ్ఱపుడెక్క యనగానే కృష్ణా గోదావరీ మండలములలోని శ్రోతలలో పలువురకు కాలువలను, చెఱువులను కప్పివేయుచున్న నీటిమొక్కయే ముందుగా జ్ఞప్తికి వచ్చును. ఆకు ఆకారమును బట్టి ఆ మొక్కకు ఆ పేరు వచ్చినది. నేడు మొక్కను ఎఱిగినవారే కాని అసలు డెక్కను ఎఱిగినవారు అరుదు. ఇందులో వింత లేదు. రైలుస్టేషనుల ముందు వరుసలు తీరి నిలిచియుండిన జట్కాలు ఒక్కొక్కటిగా కనుమరుగైనవి. అయినను గుఱ్ఱము మన నడుమ నుండి పూర్తిగా తొలగిపోలేదు. హైదరాబాదులో మలక్‌పేట పందెపు మైదానమున్నది. పెండ్లి ఊరేగింపులలో వరుని మోయు గుఱ్ఱములున్నవి. సముద్రపుటొడ్డున పిల్లలను ఎక్కించుకొని తిరుగు గుఱ్ఱములున్నవి. పాడేరు కొండలలో బండి పోలేని బాటల వెంట గిరిజనులు సంతసరకును గుఱ్ఱముల మీద చేర్చుకొను పల్లెలు ఈనాటికిని ఉన్నవి. ఇట్టి గుఱ్ఱమునకు డెక్క చెడినచో ఒక కుటుంబము సంపాదన ఆనాడే ఆగిపోవును. కావున ఈ విషయము గుఱ్ఱమును ఉంచుకొన్నవారే కాక, దానిని అద్దెకు పిలుచువారు కూడ వినదగినది.

డెక్క బలహీనమైనదని ఎట్లు తెలియును? అంచులు పెంకులు పెంకులుగా రాలుచుండును. లాడమునకు కొట్టిన మేకు పట్టుదప్పి, చుట్టునున్న భాగము పిండివలె పొడియగును. నెలన్నర నిలువవలసిన లాడము పది దినములకే ఊడిపోవును. గుఱ్ఱము తారురోడ్డు మీద బాగుగనే నడచి, కంకర మీదికి రాగానే ముళ్ళమీద నడచుచున్నట్లు అడుగులు వేయును. మడమలు క్రిందికి అణగి, ముందుభాగము చెప్పుమొనవలె సాగియుండును.

సరిగా ఇట్టి గుఱ్ఱమే, నేను పశువైద్యుడుగా ఉద్యోగమున చేరిన కొత్తలో, 1974లో, కోస్తాలోని ఒక పట్టణమున నా యొద్దకు వచ్చినది. అది జట్కా గుఱ్ఱము. ఎఱ్ఱనిది, చురుకైనది, తొమ్మిదేండ్ల వయస్సు. దాని యజమాని అప్పుచేసి దానిని కొని యప్పటికి ఏడాదియైనను కాలేదు. నెలకు మూడుసార్లు లాడము ఊడుచున్నది. అతడు ప్రతిరాత్రియు డెక్కలకు ఆముదము రాచుచుండెను. నేను కొత్త ఉత్సాహముతో రెండు పనులు చేయించితిని. డెక్క పైభాగమును ఆకురాయితో నున్నగా రాయించితిని; ఆఱు మేకులున్నచోట ఎనిమిది కొట్టించితిని. ఆఱవనాడు లాడము ఊడినది. ఈమాఱు ఒంటరిగా ఊడలేదు. డెక్క గోడలో నాలుగు వ్రేళ్ళ వెడల్పు ముక్కను వెంటబెట్టుకొని మఱీ ఊడినది. “బాబుగారూ, గుఱ్ఱం నిలబడిపోతే మా పొయ్యి కూడా ఆరిపోద్దండీ” అని అతడు అన్నమాట నాకింకను వినబడుచున్నట్లే ఉండును. నా తప్పు ఏమో నాకు తరువాత గాని బోధపడలేదు. అది బోధపడవలెనన్న డెక్క ఎట్లు పుట్టునో ముందుగా తెలియవలెను.

డెక్క మన గోరువంటిదే. గోరు, వెండ్రుక, కొమ్ము ఏ పదార్థముతో ఏర్పడునో డెక్కయు ఆ పదార్థముతోనే, అనగా కెరటిను అను మాంసకృత్తుతోనే ఏర్పడును. బయటికి కనబడు గోడలో రక్తము లేదు, నరము లేదు. అది పుట్టుచోటు కాలి వెండ్రుకలు ముగిసి డెక్క మొదలగు అంచు. అక్కడి సజీవమైన కణములు దినదినమును కొత్త పొరను క్రిందికి నెట్టుచుండును. ఈ పెరుగుదల నెలకు ఆఱు మొదలు పది మిల్లీమీటర్ల వఱకు ఉండును. ముందుభాగమున పైయంచున పుట్టినది నేలను తాకుటకు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలు పట్టును. మడమవైపు పొడవు తక్కువ కావున అంతకాలము పట్టదు.

దీనినుండి ఒక సంగతి తేలుచున్నది. నేడు మేకు దిగుచున్న డెక్క నిరుటి మేతతో, నిరుటి ఆరోగ్యముతో తయారైనది. నేడు పెట్టు మేత ఫలితము వచ్చు సంవత్సరము గాని మేకు తగులుచోటికి దిగిరాదు. డెక్క గోడమీద అడ్డముగా కనబడు వలయములు ఈ సంవత్సరపు చరిత్రయే. జ్వరము వచ్చిన నెల, మేత మారిన నెల, ఎండకు పచ్చిగడ్డి దొరకని నెల ఒక్కొక్క గీతగా దిగివచ్చుచుండును. గుఱ్ఱమును కొనబోవువారు పండ్లు చూతురు. ఆ వలయములను కూడ చూచుట మంచిది.

కాబట్టి పైని పూసిన నూనె డెక్కకు ఆహారము కాజాలదు. పలుచగా పూసిన నూనె తడిని కొంత ఆపవచ్చును, అంతే. యజమానుల నూనెపూతకు నేనిప్పుడు అడ్డుచెప్పను. రాయువేళ కాలిని ఎత్తి పరీక్షించుట అలవాటగును గదా; నూనె వలన కలుగు లాభములలో నాకు కనబడినంతవఱకు అదియే పెద్దది. ఇక ఆకురాయితో గోడ పైభాగమును రాయించుట నేను చేసిన మొదటి తప్పు. ఆ పైపొర దట్టమైనది, తడి రాకపోకలను అదుపులో ఉంచునది. నునుపు కొఱకు దానిని తీసివేయుట గింజకు పొట్టుతీసి వానలో ఆరబెట్టుట వంటిది.

ఇక మేత. జట్కా గుఱ్ఱమునకు మన ప్రాంతమున వాడుకగా పెట్టినవి తవుడు, ఉలవలు, వరిగడ్డి. ఇవి కడుపు నింపును, పరుగును ఇచ్చును. డెక్కకు మాత్రము చాలవు. తవుడు సంగతియే తీసికొందము. వరితవుటిలో సున్నమునకు పదిరెట్లకు మించి భాస్వరము ఉండును. గుఱ్ఱము మొత్తపు మేతలో సున్నము భాస్వరముతో సమానముగానైన ఉండవలెను. ఒకటిన్నర, రెండు రెట్లుండిన మఱింత మేలు. తవుడు అతిగా తిన్న గుఱ్ఱము రక్తములోని లోటును పూడ్చుకొనుటకు తన యెముకలలోని సున్నమునే కరగించుకొనును. దౌడయెముకలు ఉబ్బి ముఖము పెద్దదగు వ్యాధి ఇందువలననే కలుగును. డెక్క గట్టిపడుటకును సున్నము కావలెను. కాబట్టి డెక్క చెడిన గుఱ్ఱమునకు నేను మొట్టమొదట తగ్గించునది తవుడు.

ఉలవలను విడువనక్కరలేదు. నానబెట్టి, ఉడికించి పెట్టుట మన పెద్దలు ఎఱిగిన పద్ధతియే. అయితే పప్పుజాతి గింజలన్నిటిలోను ఒక కొఱత ఉన్నది. గంధకముతో కూడిన మెథియోనిన్ అను ఆమ్లము వానిలో స్వల్పము. డెక్క గట్టిదనమంతయు కెరటినులోని గంధకపు బంధముల మీద ఆధారపడియుండును. కావున గింజలనొక్కదానినే నమ్మరాదు. పచ్చిమేత కావలెను. లూసర్ను దొరకినచో సున్నమును, మాంసకృత్తులును రెండును సమకూరును. డెల్టా ప్రాంతములలో వరికోత తరువాత చల్లు పిల్లిపెసరను పచ్చిగరికతో కలిపి, కొద్దికొద్దిగా అలవాటుచేసి పెట్టవచ్చును. పశువులకు వేయుచున్నారు గదాయని జనుమును మాత్రము గుఱ్ఱమునకు వేయరాదు. జనుము గింజలు దానికి విషము. వట్టి వరిగడ్డితో కడుపు నింపుట వలన డెక్కకు ఒరుగునది ఏమియు లేదు.

ఇటీవలి కాలమున బయోటిన్ అను విటమిను పేరు గుఱ్ఱముల వారి నోట తఱచుగా వినబడుచున్నది. ఇది వట్టి ప్రచారము కాదు. లిపిజానర్ అను తెల్లగుఱ్ఱముల జాతిలో డెక్కలు చెడుచుండగా, కొన్నిటికి దినమునకు 20 మిల్లీగ్రాముల బయోటిన్‌ను, కొన్నిటికి అది లేని పొడిని ఇచ్చి చేసిన పరిశోధన 1995లో ప్రకటితమైనది. బయోటిన్ తిన్న గుఱ్ఱముల డెక్కలు బాగుపడినవి. కాని ఆ బాగు కనబడుటకు తొమ్మిది నెలలు పట్టినది. అయిదువందల కిలోల గుఱ్ఱమునకు దినమునకు 15 మొదలు 20 మిల్లీగ్రాములు వాడుక. మన పొట్టిగుఱ్ఱములకు బరువును బట్టి తగ్గించుకొనవలెను. ఒక డబ్బా వాడి ఫలితము లేదని మానివేయువారు డబ్బు పోగొట్టుకొన్నవారే. దానితోపాటు జింకు, రాగి కూడ చాలినంత ఉండవలెను. సెలీనియము విషయమున మాత్రము చేయి బిగించుకొనుడు. అది మితిమీరినచో జూలు, తోకవెండ్రుకలు రాలి, డెక్కలు పగిలి ఊడిపోవును. పంజాబులో ఆ ధాతువు మిక్కుటముగా ఉన్న కొన్ని నేలలలో పండిన మేత తిని పశువులు ఇట్లే బాధపడినవి. రెండు మూడు రకముల బలపుపొడులను ఒకేసారి కలిపి పెట్టువారు ప్రతి డబ్బామీదను ఉన్న లెక్కను వైద్యునికి చూపి మఱీ పెట్టవలెను.

మేత తరువాత చూడవలసినది నేల. గ్రీసు దేశీయుడు క్సెనొఫోను క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలో అశ్వవిద్యను గూర్చి వ్రాసిన గ్రంథమున, తడిగా, నున్నగా ఉన్న సాల మంచి డెక్కలను సయితము చెఱచునని హెచ్చరించి, సాల వెలుపల నాలుగైదు బండ్ల గుండ్రని రాళ్ళను పరచి గుఱ్ఱమును వానిమీద నిలువబెట్టుమని చెప్పెను. వారికి మేకులతో కొట్టు లాడములు తెలియవు. డెక్క గట్టిదనమే వారికి లాడము. ఆ సలహా మంచి డెక్క గట్టిపడుటకు చెప్పినది. ఇప్పటికే పెంకులు రాలుచున్న డెక్కకు రాళ్ళు పనికిరావు. పొడి ఇసుక మేలు.

మన కోస్తాలో తడి పెద్ద శత్రువు. డెక్క గోడలో నాలుగవవంతు, అడుగున త్రికోణాకారమున రబ్బరువలె మెత్తగా ఉండు భాగములో సగము నీరు సహజముగనే ఉండును. హైదరాబాదు నాల్‌బందులు ఆ మెత్తని భాగమును పుత్లీ యందురు. వానకాలమున బురదలో రేయింబవళ్ళు నిలిచిన డెక్క నీటిని పీల్చి ఉబ్బును. మఱునాటి ఎండలో రోడ్డు వేడికి ఎండి ముడుచుకొనును. తడిసి ఎండి, మఱల తడిసి ఎండిన చెక్క ఎట్లు చీలునో డెక్కయు అట్లే చీలును. దీనికి తోడు లద్ది, మూత్రము. వానినుండి పుట్టు అమోనియా కెరటినును మెత్తబరచి కరగించును. సాలలోనికి వంగి ముక్కుపెట్టి చూడుడు. కన్ను మండినచో డెక్కయు మండుచున్నదనియే అర్థము.

ప్రతిదినము రెండుపూటల నాలుగు కాళ్ళను ఎత్తి కొక్కెముతో మట్టి, లద్ది, గులకరాళ్ళు తీసివేయవలెను. మడమనుండి మొనవైపునకు గీకవలెను. అటునుండి ఇటు గీకినచో పుత్లీ ప్రక్కనున్న గాడిలో మొన గ్రుచ్చుకొనును. ఆ గాడిలో నల్లని చీము, భరింపరాని కంపు ఉన్నచో కుళ్ళు పట్టినదన్నమాట. శుభ్రపరచి, ఆరబెట్టి, పలుచని అయొడిన్ ద్రావకము తగిలించిన సరిపోవును. ఫార్మలిన్ ఘాటుగా పోసి డెక్కను రాయివలె చేయవచ్చునని కొందఱందురు. అది గట్టిపడదు, పెళుసగును. వేసవిలో ఈగల బాధ కూడ ఒక కారణమే యని చెప్పిన కొందఱు నవ్వుదురు. ఈగను తోలుకొనుటకై దినమంతయు కాలు నేలకేసి కొట్టు గుఱ్ఱమునకు మేకులు సడలి, వానిచుట్టు గోడ చిట్లును. సాలలో లద్దిని వెంటవెంట తీసి దూరముగా వేయుట ఈగకు మందు, డెక్కకును మందు.

నాల్‌బందు విషయమునకు వచ్చుచున్నాను. పదుమూడవ శతాబ్దిలో దక్షిణదేశమునకు వచ్చిన మార్కో పోలో మన మోటుపల్లి రేవును గూర్చియు వ్రాసినాడు. ఆతడే తమిళతీరమును వర్ణించుచు, అక్కడి రాజులు ఏటేటా అరేబియా పారసీక ప్రాంతముల నుండి వేలకొలది గుఱ్ఱములను కొందురనియు, వాని కాళ్ళుచూచి వైద్యము చేయువారు లేనందున అవి త్వరలోనే చచ్చుననియు, గుఱ్ఱములను అమ్ము వర్తకులు అట్టి పనివారిని ఇటు రానీయరనియు వ్రాసినాడు. ఏనాటి గుఱ్ఱము ఆనాడే చచ్చిన వర్తకునకు లాభమే గదా! నాల్‌బందు విలువను ఆ వర్తకులు ఎఱిగినంతగా మనము ఎఱుగము. నేడు మన పట్టణములలో ఆ పని తెలిసినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే మిగిలిరి. కూలి బేరమాడి, లాడము ఊడిన తరువాతనే అతనికి కబురుపెట్టుట మనవారి అలవాటు.

బలహీనమైన డెక్కకు పిలుపు ముందే వెళ్ళవలెను. నాలుగైదు వారములకొకసారి విప్పి, పెరిగినదానిని కోసి, సరిచేసి, మఱల కొట్టవలెను. మొన పొడవుగా పెరిగిన కొలది అడుగు తీయునపుడు అది మీటగోలవలె పనిచేసి గోడను లోపలి భాగమునుండి ఎడముచేయును. మొనను పొట్టిగా, మడమకు ఆధారము చాలునట్లుగా ఉంచుట సగము వైద్యము. మేకులు సన్ననివి కావలెను. ఎన్ని తక్కువైన అంత మేలు. డెక్క మిక్కిలి వెడల్పుగా ఉన్నచోటు దాటి వెనుకకు కొట్టరాదు. ఏలయన కాలు మోపినపుడెల్ల మడమలు విచ్చుకొనవలెను. అక్కడ మేకు దిగినచో ఆ కదలిక ఆగిపోవును. నా ఎనిమిది మేకుల తప్పు ఇదియే. పాత రంధ్రముల ప్రక్కప్రక్కనే కొత్త రంధ్రములు పడి, గోడ తపాలాబిళ్ళల అంచువలె చిరుగుటకు సిద్ధమైనది. నేడు మేకులు లేకుండ జిగురుతో అంటించు లాడములును, తొడిగి విప్పుకొనదగిన రబ్బరు చెప్పులును వచ్చినవి. వెల ఎక్కువే కాని, మేకు పట్టని నెలలను దాటించుటకు అవి ఉపకరించును.

తెల్లని డెక్క మెత్తనిది, నల్లనిది గట్టిది అని అశ్వపాలకులలో గాఢమైన నమ్మకమున్నది. పరీక్షించి చూచినవారికి రంగునుబట్టి బలములో భేదము కనబడలేదు. జాతిని బట్టి మాత్రము భేదమున్నది. పందెపు థారోబ్రెడ్ గుఱ్ఱములలో గోడయు అడుగును పలుచన. పందెములనుండి విరమించిన వానిని కొని పెండ్లి ఊరేగింపులకు త్రిప్పువారు ఈ సంగతి తెలిసి కొనవలెను.

ఒక్క హెచ్చరిక. గుఱ్ఱము హఠాత్తుగా ముందుకాళ్ళను చాచి, బరువు వెనుకకు వేసి నిలిచినచో, డెక్కలు చేతికి వేడిగా తగిలినచో, అది నేను చెప్పుచున్న బలహీనత కాదు. గింజలు అతిగా తిన్నపుడు డెక్క లోపల పుట్టు వాపు అది. మేత మార్చి నెలలు కాచుకొని కూర్చుండు వ్యాధి కాదు. ఆ గంటలోనే వైద్యుని పిలువవలెను.

ఆ జట్కా గుఱ్ఱము కథ సగములో విడిచితిని. లాడములు విప్పించి, దానిని ఇంటివెనుక పొడి ఇసుకలో కట్టించితిమి. యజమాని బావమఱది కూడ జట్కావాడే. అతని గుఱ్ఱమును దినము విడిచి దినము ఇతని బండికి కట్టి, వచ్చినదానిని చెరిసగము పంచుకొనిరి. అది ఎట్టి నెలలో చెప్పనక్కరలేదు. అప్పులవాడు రెండుసార్లు వచ్చి గుఱ్ఱమును తోలుకొనిపోవుదునని బెదరించినాడు. తవుడు తగ్గినది, పిల్లిపెసర వచ్చినది. ఉగాదినాడు నేను డెక్క పైయంచుకు దిగువగా ఆకురాయి మొనతో సన్నని గీత గీచితిని. నెలలు గడచుచున్నవని అతనికి నోటితో చెప్పుట కంటె కంటికి చూపుట మేలని తోచినది. అతడు ప్రతి ఆదివారమును వ్రేలితో కొలిచెడివాడు. శ్రావణమునకు గీతకు పైభాగమున నున్ననైన కొత్తడెక్క స్పష్టముగా కనబడినది. క్రిందిది పాతదే, పెంకులు రాలుచునే ఉన్నది. దసరాకు వెనుకభాగము బాగుపడి, తేలిక సవారీలకు దినమున కొంతసేపు కట్టసాగినాడు. 1975 సంక్రాంతికి గీత నేలకు అంగుళము లోపలికి దిగివచ్చినది.

అప్పుడు అయిదు మేకులతో లాడములు కొట్టించితిమి. అయిదు వారములు నిలిచినవి. ఆఱవ వారమున నాల్‌బందును వెంటబెట్టుకొని వెళ్ళి వానిని విప్పించుచుండగా, “ఇన్నాళ్ళకు నిలబడ్డ లాడాన్ని మీరే ఊడదీయిస్తారేమిటండీ?” అని అతడు నిజముగనే కోపగించుకొన్నాడు. మొన పెరిగినదని, కోయకున్న మఱల మొదటికి వచ్చునని అతనికి నచ్చచెప్పుటకు నాకు గంటసేపు పట్టినది.